చార్జింగ్ ఎంతుంది?



ఏ ఊళ్లోని పెద్దాసుపత్రి అయినా సరే, పొద్దుగూకాక వార్డు బయట వరండాలో కాసేపు నిలబడి చూడండి. రోగులతో వచ్చినవాళ్లు చాపలు పరుచుకుని కూర్చుని ఉంటారు. గాలి తగిలే చోట కాదు, గోడకి ప్లగ్గు ఉన్న చోట. ఆ ప్లగ్గుకి ఎవరో ఇంటినుంచి తెచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్సు, దానికి నాలుగైదు చార్జర్లు, నేలమీద వరసగా ఫోన్లు, పక్కనే కాపలాకి ఒక పెద్దావిడ. "నాది ఎనభై అయింది, తీసేస్తున్నా, నువ్వు పెట్టుకోమ్మా" అంటూ ఒకాయన లేస్తాడు. "అన్నా, మీది టైప్-సి యేనా? ఒక్క పది నిమిషాలు ఇస్తారా?" అని ఇంకో కుర్రాడు అడుగుతాడు. ఒకరి ఊరు ఒకరికి తెలియదు. ఎవరి ఫోను ఎంత శాతంలో ఉందో మాత్రం అందరికీ తెలుసు.

అక్కడ ఫోను కాలక్షేపానికి కాదు. రక్తం ఇస్తానన్నవాళ్లు ఎక్కడిదాకా వచ్చారో కనుక్కోవాలి. బయట మందుల షాపులో స్కాన్ చేసి డబ్బు కట్టాలి. ఊరినుంచి బావమరిది వేస్తానన్న పదివేలు వచ్చి పడాలి. ఆధార్‌తో ముడిపడిన ఏ పనికైనా ఓటీపీ వచ్చేది ఆ ఫోనుకే. అది ఆగిపోయిందంటే డబ్బు ఉండీ లేనట్టే, తాను ఫలానా అని చెప్పుకునే ఆధారం ఉండీ లేనట్టే. అందుకే "భోంచేశావా" తర్వాత ఇవాళ మనం ఒకరినొకరం ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న "చార్జింగ్ ఎంతుంది?" అన్నదే.

ఒక చిన్న లెక్క చెబుతాను, వినండి. ఇప్పటి ఫోన్లలో మామూలుగా వచ్చేది 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ. అది నిండడానికి పట్టే కరెంటు దాదాపు 20 వాట్-అవర్లు. చార్జరు వేడెక్కి పోగొట్టేది కూడా కలిపి 25 అనుకుందాం. అంటే ఒక్క యూనిట్ కరెంటుతో ఫోను 40 సార్లు నిండుతుంది. రోజుకోసారి చొప్పున ఏడాది పొడుగునా చార్జి పెట్టినా అయ్యేది తొమ్మిది యూనిట్లు, ఆ పైన కొంచెం. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా సంవత్సరానికి వంద రూపాయల లోపే. ఇంట్లో ఒక గీజరు కొద్దిరోజుల్లో తాగేసే కరెంటు అది. కాబట్టి ఫోను చార్జింగ్ అన్నది కరెంటు ఖరీదుకి సంబంధించిన సంగతి కాదు. ప్లగ్గు ఎవరి గోడకి ఉంది, దాని దగ్గర గంటసేపు కూర్చునే తీరిక, హక్కు ఎవరికి ఉన్నాయి అన్నదే అసలు సంగతి.

మన దేశంలో మొదటి సెల్‌ఫోను కాల్ 1995 జూలై 31న జరిగింది. కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు మాట్లాడితే, ఢిల్లీలో టెలికాం మంత్రి సుఖ్‌రామ్ అందుకున్నారు. ఆ రోజుల్లో చేసిన కాల్‌కే కాదు, వచ్చిన కాల్‌కి కూడా డబ్బు పడేది. 2003లో ఆ బాధ తప్పింది. అదే ఏడాది నోకియా 1100 వచ్చింది. ప్రపంచం మొత్తంమీద 25 కోట్ల పైచిలుకు అమ్ముడుపోయిన ఫోను అది. నెత్తిన చిన్న టార్చిలైటు, దుమ్ము దూరని కీప్యాడ్, 850 ఎంఏహెచ్ బ్యాటరీ. ఆదివారం చార్జి పెడితే మళ్లీ చార్జరు ఎక్కడ పెట్టామో వెతుక్కునేది గురువారమో శుక్రవారమో. ఇప్పటి బ్యాటరీ దానికి ఆరింతలు. రోజు గడిస్తే గొప్ప.

బ్యాటరీలు చెడిపోయి కాదు ఇలా అయింది. అప్పటి ఫోను రెండే పనులు చేసేది, మాట్లాడటం, మెసేజి. మిగతా సమయమంతా టవరుకి అప్పుడప్పుడూ హాజరు పలుకుతూ పడి ఉండేది. 2016 ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది. ఆ సెప్టెంబరులో డేటా ధర అమాంతం పడిపోయింది. పర్సు, పాస్‌బుక్కు, టిక్కెట్టు, ధ్రువపత్రం ఒక్కొక్కటే ఫోన్లోకి వచ్చి చేరాయి. 2025 ఆగస్టులో ఆ ఒక్క నెలలోనే యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. ప్రతి చెల్లింపు వెనకా ఎక్కడో ఒకచోట ఒక తెర వెలగాలి, డేటా కదలాలి. టీకొట్టు బల్లమీద "పది రూపాయలు అందాయి" అని అరిచే స్పీకరు పెట్టెకి కూడా లోపల ఒక సిమ్మూ ఒక బ్యాటరీ ఉన్నాయి. రాత్రి కొట్టు కట్టేశాక యజమాని దాన్ని కూడా చార్జింగుకి పెట్టుకోవాలి.

మా మండల కేంద్రంలో బస్టాండు ఎదురుగా ఒక సెల్ రిపేరు కొట్టు ఉంది. నాకు ఆ కొట్టులో కూర్చోవడం ఇష్టం. కీప్యాడ్ ఫోను పట్టుకుని ఒక రైతు వచ్చాడు. "చార్జింగ్ ఆగట్లేదయ్యా" అన్నాడు. కొట్టతను మాట్లాడకుండా వెనక మూత తీసి, బ్యాటరీ బయటికి లాగి, గాజు బల్లమీద వెల్లకిలా పెట్టి వేలితో ఒక్క తిప్పు తిప్పాడు. అది బొంగరంలా గిరగిరా తిరిగింది. "ఉబ్బింది బాబాయ్, ఇక పనికిరాదు" అన్నాడు. మంచి బ్యాటరీ చదునుగా ఉంటుంది, బల్లకి అతుక్కుని తిరగదు. లోపల గ్యాసు పుట్టి నడుమ ఉబ్బితేనే తిరుగుతుంది. మీటరు లేదు, మిషను లేదు, అర నిమిషంలో రోగం తేల్చేశాడు. టచ్ ఫోన్లకి ఈ పరీక్ష కుదరదు, వాటి బ్యాటరీ లోపల జిగురుతో అతికించి ఉంటుంది. అక్కడ డిస్‌ప్లే ఒక పక్క పైకి లేస్తే అనుమానించాలి. అలా లేచిన ఫోనుని నొక్కి సర్దేవాళ్లుంటారు. అలా చేయకండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం నిప్పుతో పని.

మన ఫోన్లలో ఉండే ఈ లిథియం అయాన్ బ్యాటరీ వెనక పెద్ద కథే ఉంది. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడ్ఎనఫ్ అనే ఆయన దానికి కీలకమైన కోబాల్ట్ పదార్థాన్ని కనిపెట్టాడు. 1991లో సోనీ కంపెనీ బజారులోకి తెచ్చింది. 2019లో ఆయనకీ, స్టాన్లీ విటింగ్‌హామ్‌కీ, అకీరా యోషినోకీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. అప్పటికి గుడ్ఎనఫ్ వయసు 97. నోబెల్ అందుకున్నవాళ్లలో ఇంత పెద్ద వయసువారు మరొకరు లేరు.

అంత చదువు పెట్టి చేసిన వస్తువుని మనం వాడే పద్ధతి మాత్రం దాని ముందు తరం బ్యాటరీది. "కొత్త ఫోను కొంటే మొదట ఎనిమిది గంటలు చార్జి పెట్టాలి", "పూర్తిగా అయిపోయాకే మళ్లీ పెట్టాలి" అని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. అవి నికెల్ కాడ్మియం రోజుల మాటలు. లిథియం బ్యాటరీకి ఇది సరిగ్గా తిరగబడుతుంది. సున్నాకి దిగిపోవడం దానికి కీడు. నిండా నూరు శాతంతో గంటల తరబడి ఉండటమూ అంత మంచిది కాదు. 20కీ 80కీ మధ్య తిరుగుతుంటే ఎక్కువ కాలం బతుకుతుంది. మధ్యమధ్యలో కాస్త కాస్త చార్జి పెట్టుకుంటే పాడైపోతుందన్న భయం అక్కర్లేదు. అయిదుసార్లు ఇరవై ఇరవై శాతం ఎక్కిస్తే బ్యాటరీ దాన్ని ఒక్కసారి నిండినట్టే లెక్క వేసుకుంటుంది. ఇక మొదటి సగం గబగబా ఎక్కి చివరి ఇరవై శాతం నత్తనడక నడుస్తోందని చార్జర్ని తిట్టుకునేవాళ్లకి ఒక మాట. నిండుతున్నకొద్దీ కరెంటు తగ్గించుకోవడం ఆ బ్యాటరీ ప్రాణరక్షణ. బస్సుకి వేళయితే అరవైలో పీకేసి బయల్దేరండి, నష్టమేమీ లేదు.

అన్నిటికంటే దానికి పడనిది వేడి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో బైకు హ్యాండిల్‌కి ఫోను బిగించుకుని తిరిగే డెలివరీ కుర్రాణ్ణి తలుచుకోండి. ఎండలో కనబడాలని వెలుతురు నిండుగా పెట్టాలి. దారి చూపడానికి జీపీఎస్, ఆర్డర్ల కోసం డేటా పొద్దస్తమానం నడుస్తూనే ఉండాలి. పైన సూర్యుడు. బ్యాటరీని తినేవన్నీ ఒకేసారి ఒకే ఫోనుమీద పడ్డాయి. జేబులో పవర్‌బ్యాంకు పెట్టుకుని వైరు లాగితే, వేడెక్కిన ఫోను చార్జి ఎక్కించుకోనని మొరాయిస్తుంది. అతనికి ఆర్డరు ఇచ్చే కంపెనీ పెట్రోలు గురించి మాట్లాడుతుంది, రేటింగు గురించి మాట్లాడుతుంది. ఏడాదిన్నరకే చచ్చిపోయే ఆ బ్యాటరీ ఎవరి ఖర్చు అన్నది మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

సిగ్నల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. టవరు దగ్గరుంటే ఫోను నెమ్మదిగా మాట్లాడితే చాలు. దూరమైతే, పొలం ఈ గట్టునుంచి ఆ గట్టుకి కేకేసినట్టు, గొంతు చించుకోవాలి. ఆ కేకకి ఖర్చయ్యేది బ్యాటరీయే. అరకు దాటి లోపలి మన్యం ఊళ్లలో ఫోను జేబులో ఊరికే ఉన్నా మధ్యాహ్నానికి సగం ఖాళీ అవుతుందని అక్కడివాళ్లు అంటారంటే కారణం అదే. టవర్ని వెతుక్కుంటూనే అది అలిసిపోతుంది. సిగ్నల్ లేనిచోట కొంతసేపు ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మంచి ఉపాయం. కానీ ఫోను వస్తుందని ఎదురుచూసేవాళ్లు అలా ఎలా పెట్టుకుంటారు?

2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిచోట్ల హాజరు మొబైల్ యాప్‌లోనే వేయాలని కేంద్రం నిబంధన పెట్టింది. పొద్దున ఒక ఫొటో, నాలుగు గంటల తర్వాత మరొక ఫొటో, రెండింటికీ ఆ స్థలం గుర్తు పడాలి. ఆ ఫోను చాలాచోట్ల పని చూసే మేటు సొంత డబ్బుతో కొనుక్కున్నదే. చెరువు గట్టుమీద ప్లగ్గు ఉండదు. రెండో ఫొటో వేళకి ఫోను ఆరిపోతే, గడ్డపార పట్టినవాళ్ల చేతులకు కాయలు కాచిన మాట నిజమే అయినా కాగితంమీద ఆ పూట కొరతపడుతుంది. దొంగ మస్టర్లు అరికట్టాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. అయితే కెమెరా, జీపీఎస్, డేటా మూడూ ఒకేసారి కావాలనే యాప్‌ని, అవి మూడూ బలహీనంగా ఉన్నచోటికి పంపినప్పుడు, దాంతోపాటు ఒక పవర్‌బ్యాంకుని పంపాలని ఎవరికీ తట్టలేదా అనిపిస్తుంది.

ఇప్పుడు దీనికి ఎదురుగా ఇంకో సేవ చూడండి. మోటారు స్టార్టరు. త్రీఫేజు కరెంటు అర్ధరాత్రి ఇచ్చే రోజుల్లో రైతు టార్చిలైటు పట్టుకుని బోరు దగ్గరికి పోయేవాడు. పాముకాటుకి పోయినవాళ్లున్నారు, తడిచేత్తో స్టార్టరు ముట్టుకుని షాకుకి పోయినవాళ్లున్నారు. ఇప్పుడు స్టార్టరు పెట్టెలో ఒక సిమ్ము వేస్తున్నారు. కరెంటు వచ్చిందంటే ఆ పెట్టే రైతుకి ఫోను చేస్తుంది. రైతు దానికి ఫోను చేసి అంకె నొక్కితే మోటారు ఆడుతుంది, ఇంకో అంకె నొక్కితే ఆగుతుంది. దీనికి టచ్ ఫోను అక్కర్లేదు, నెట్టు అక్కర్లేదు. వారానికి రెండుసార్లు చార్జి పెట్టే డబ్బా ఫోను చాలు. పెళ్లికి పోయిన రైతు భోజనాల బంతిలో కూర్చుని, ఎడమచేత్తో ఫోను చెవికి పెట్టుకుని పొలం తడపడం చూసిన నాకు, ఫోన్ల మీద వచ్చిన సేవలన్నిటిలో దీనికే పెద్దపీట వేయాలనిపిస్తుంది.

కొత్త సేవ ఏది వచ్చినా నేను చూసే కొలత అదే. వాడేవాడి బ్యాటరీలో అది ఎంత అడుగుతోంది? గ్యాసు బండ మిస్‌డ్ కాల్‌తో బుక్ అవుతోంది, పీఎఫ్ నిల్వ మిస్‌డ్ కాల్‌తో తెలుస్తోంది. ఖర్చు సున్నా, చార్జింగు దాదాపు సున్నా. ఒకప్పుడు "బస్సు దిగాక ఒక మిస్‌డ్ కాల్ ఇవ్వు" అని డబ్బు మిగుల్చుకోవడానికి మనవాళ్లు కనిపెట్టిన కిటుకుని కంపెనీలూ ప్రభుత్వాలూ తర్వాత నేర్చుకున్నాయి. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు కీప్యాడ్ ఫోన్ల కోసం యూపీఐ 123పే తెచ్చింది. నెట్ లేకుండా, ఒక నంబరుకి ఫోను చేసి డబ్బు పంపవచ్చు. బ్యాంకుల గోడలమీద దాని పోస్టరు కనబడటం అరుదు. కౌంటరులో అడిగితే "యాప్ వేసుకోండి" అనే జవాబే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్ పాలన మొదలైంది, 161 సేవలతో. ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పించే మంచి పని. వాట్సాప్ నడిచే ఫోను లేనివాడు, ఉన్నా బ్యాటరీ పోయినవాడు నడిచివెళ్లడానికి సచివాలయం తలుపు కూడా తెరిచే ఉంచాలి. ఇది వచ్చింది కదా అని దాన్ని మూసే ఆలోచన ఎవరికీ రాకూడదు.

పవర్‌బ్యాంకు కొనేవాళ్లు చాలామంది మోసపోయామనుకుంటారు. "10,000 అని రాశాడు, నా 5,000 ఫోను రెండుసార్లు నిండట్లేదు" అంటారు. మోసం కాదు. లోపలి సెల్లు 3.7 వోల్టుల దగ్గర లెక్క కట్టినవి. బయటికి 5 వోల్టులుగా పెంచి ఇవ్వాలి. ఆ మార్పులోనూ వేడిలోనూ పోగా మీ ఫోనుకి చేరేది ఆరువేలు, ఆరున్నరవేలు. పెట్టెమీద చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని ఉంటుంది, ఆ అంకె చూసి కొనండి. విమానం ఎక్కేవాళ్లు దాన్ని చేతిసంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో వేయనివ్వరు. 100 వాట్-అవర్ల దాకా అనుమతి ఉంది, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్.

ఇక తుఫాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు అంత పెద్ద నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. కార్లున్నవాళ్లు ఇంజను ఆన్ చేసి ఇరుగుపొరుగు ఫోన్లు చార్జి పెట్టారు. అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలు ఫోను కలవక తల్లడిల్లిపోయారు. నాలుగేళ్లకి, 2018 అక్టోబరులో, తిత్లీ ఉద్దానాన్ని ఊడ్చేసింది. అప్పుడు ఊళ్లలో జనరేటర్లు నీళ్ల మోటారుకీ ఫోన్లకీ వంతులవారీగా నడిచాయి. తుఫాను హెచ్చరిక రాగానే మనం ఫోన్లన్నీ నూరు శాతం చేసుకుంటాం. మంచిదే. కానీ టవరుకి కూడా ఒక బ్యాటరీ ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. కరెంటు పోయాక అది కొన్ని గంటలు లాగుతుంది. తర్వాత డీజిల్ జనరేటరు. చెట్లు పడి రోడ్డు మూసుకుపోతే ఆ డీజిల్ చేరదు. అప్పుడు మీ చేతిలోని నూరు శాతం ఫోను టార్చిలైటుకి తప్ప దేనికీ పనికిరాదనిపిస్తుంది. ఈమధ్య తుఫానుల వేళ టెలికాం శాఖ ఒక మంచి ఏర్పాటు చేస్తోంది. మీది ఏ కంపెనీ సిమ్మయినా, బతికున్న ఏ కంపెనీ టవరునుంచైనా మాట్లాడుకోనిస్తోంది. సిగ్నల్ పోయిందని కంగారుపడి ఊరికే రీస్టార్టులు కొట్టకుండా, నెట్‌వర్కు సెట్టింగులో వేరే కంపెనీ పేరు ఎంచుకుని చూడండి. 2023లో దేశమంతటా ఫోన్లు ఒక్కసారిగా చెవులు చిల్లులుపడేలా మోగి హెచ్చరిక పరీక్ష జరిగింది కదా, ఆ పద్ధతి కూడా ఇలాంటప్పటికే. దానికి మీ నంబరు తెలియనక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. టవరు బతికుండి, మీ ఫోను ఆన్‌లో ఉంటే చాలు.

టవర్లు కూడా పోయినప్పుడు? ఫోన్లో ఎఫ్ఎం రేడియో ఉంటే, ఇయర్‌ఫోను వైరు గుచ్చండి. ఆ వైరే ఏరియల్. ఫోను ఎవరికీ ఏదీ పంపనక్కర్లేదు, తెర ఆర్పేసి వింటూ కూర్చోవచ్చు, నెట్‌లో పాట వినడానికి పట్టే చార్జింగులో కొంచెమే పడుతుంది. సిమ్ము లేకపోయినా వస్తుంది. ఇంత పనికొచ్చే వస్తువుని కంపెనీలు ఒక్కొక్కటీ తీసేస్తూ వచ్చాయి. ఇయర్‌ఫోను గుచ్చే కన్నమే చాలా కొత్త ఫోన్లలో కనబడటం మానేసింది. 2023 ఏప్రిల్‌లో కేంద్ర ఐటీ శాఖ ఫోన్ల తయారీదార్ల సంఘాలకి లేఖ రాసింది, విపత్తుల వేళ అవసరం కాబట్టి ఎఫ్ఎం సౌకర్యం తీసేయవద్దని, ఉన్నదాన్ని పనిచేయకుండా ఆపవద్దని. లేఖ లేఖే, చట్టం కాదు. కోస్తా ఊళ్లవాళ్లు ఈసారి ఫోను కొనడానికి వెళ్లినప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్సో అడిగాక, ఎఫ్ఎం ఉందా అని కూడా అడగండి. "రేడియోనా సార్? ఇంకా ఎవరు వింటున్నారు?" అంటాడు కొట్టులో కుర్రాడు. మీరు వింటున్నారు కదా, ఆ ముక్కే చెప్పండి.